నోరులేని జీవాలకు చట్టం తెచ్చిన రుక్మిణీదేవి

రుక్మిణీదేవి అరండేల్ అనగానే మనలో చాలామందికి భరతనాట్యం గుర్తుకొస్తుంది, మద్రాసు కళాక్షేత్రం గుర్తుకొస్తుంది. నాట్యం గురించి రాయడానికి నేను తగినవాణ్ణి కాను. సైన్సు చదువుకుంటున్న రైతుబిడ్డను. మా ఇంట్లో గజ్జెలు కట్టినవి ఎడ్లు మాత్రమే. అయినా ఈ సంచిక కోసం ఒక మహనీయుల జీవితం రాయమని మిత్రులు అడిగినప్పుడు నేను ఆమెనే ఎంచుకున్నాను. దానికి కారణం నాట్యం కాదు, ఒక ముసలి కుక్క. ఆ సంగతి దాని చోట చెబుతాను. ముందు ఆమె జీవితం.

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29న మదురైలో జన్మించారు. నాలుగేళ్ళకొకసారి వచ్చే పుట్టినరోజు. తండ్రి నీలకంఠశాస్త్రి గారు ఇంజనీరు, దివ్యజ్ఞాన సమాజంలో సభ్యులు. తల్లి శేషమ్మాళ్‌కు సంగీతమంటే ప్రాణం. తండ్రి ఉద్యోగ విరమణ తర్వాత ఆ కుటుంబం మద్రాసు అడయారులో, సమాజం ప్రధాన కార్యాలయానికి దగ్గరలో స్థిరపడింది. ఆ విధంగా ఆ పిల్ల అనీబిసెంటు నీడలో పెరిగింది. దివ్యజ్ఞాన సమాజం మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. జిడ్డు కృష్ణమూర్తి గారు పుట్టిన మదనపల్లెలో 1915లో మొదలైన కాలేజీ ఆ సమాజం వారిదే.

సర్వజీవులూ ఒకే కుటుంబమనీ, మాటరాని జీవికి హాని చేయరాదనీ ఆ సమాజంలో చెప్పేవారు. ఇంట్లో మాంసం ముట్టరు. అంటే జీవకారుణ్యం ఆమెకు ఇంట్లో అబ్బిన గుణం. నిజానికి ఇంత మాత్రం దయ దేశంలో లక్షల ఇళ్ళల్లో ఉంటుంది. మా ఊళ్ళోనూ ఉంది. ముద్ద మిగిలితే కుక్కకు వేయని ఇల్లు మా వాడలో లేదు. ఆ దయను గడప దాటించి పార్లమెంటు దాకా నడిపించడం మాత్రం అందరి వల్లా అయ్యే పని కాదు. ఆమె గొప్పతనం అక్కడుందని నా అభిప్రాయం.

1920లో, పదహారేళ్ళ వయసులో, ఆమె జార్జి అరండేల్ అనే ఆంగ్లేయుణ్ణి పెళ్ళాడారు. ఆయన ఆమె కంటే పాతికేళ్ళకు పైగా పెద్ద. కృష్ణమూర్తి గారికి చిన్నతనంలో చదువు చెప్పినవారిలో ఆయన ఒకరు. బ్రాహ్మణ ఇంటి పిల్ల తెల్లదొరను చేసుకున్నదని మద్రాసు నగరమంతా గగ్గోలు పుట్టింది. వెలివేసినంత పని చేశారు. లోకం ముఖం తిప్పుకుంటే ఎట్లా ఉంటుందో ఆమె పదహారో ఏటనే చూశారు. ఆ తర్వాత ఆమె ఏ పని చేపట్టినా, నలుగురూ ఏమనుకుంటారోనని వెనక్కు తగ్గిన దాఖలా కనబడదు.

భర్తతో కలిసి ఆమె దేశదేశాలు తిరిగారు. 1928లో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా బొంబాయి వచ్చినప్పుడు ఆమె నృత్యం చూశారు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళే ఓడలో ఇద్దరూ తోటి ప్రయాణికులయ్యారు. పావ్లోవా బృందంలోని నర్తకి దగ్గర రుక్మిణీదేవి కొంత బాలే నేర్చుకున్నారు. నీ దేశపు నాట్యం నువ్వు వెతుక్కోమని పావ్లోవా సలహా ఇచ్చిందని ఆమె జీవితం రాసినవాళ్ళందరూ చెబుతారు.

ఆ దేశపు నాట్యం అప్పుడు ఏ స్థితిలో ఉంది? దేవదాసీలు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన సదిర్‌ను పెద్దమనుషులు చిన్నచూపు చూస్తున్న రోజులవి. గుడిలో ఆట ఆపాలని ఉద్యమం నడుస్తున్నది. ఆ కాలంలో ఆమె మైలాపూరు గౌరి అమ్మాళ్ దగ్గర, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళె గారి దగ్గర శిష్యరికం చేసి, 1935లో దివ్యజ్ఞాన సమాజం వజ్రోత్సవంలో రంగమెక్కారు. ముప్పై దాటిన వయసులో! మరుసటి సంవత్సరం, 1936 జనవరిలో స్థాపించిన సంస్థే తర్వాత కళాక్షేత్రంగా పేరు పొందింది. మేలట్టూరు వెంకటరామశాస్త్రి గారు తెలుగులో రాసిన ఉషాపరిణయం, రుక్మాంగద చరిత్ర వంటి భాగవతమేళ నాటకాలు కూడా ఆమె చేతుల మీదుగా ఆ వేదికకు ఎక్కాయి. తమిళదేశంలో అగ్రహారాలకు పరిమితమైన మన తెలుగు నాటకానికి అట్లా ఒక కొత్త నీడ దొరికింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమె ఆ నాట్యాన్ని శుద్ధి చేసే పేరుతో దానిలోని శృంగారాన్ని తగ్గించారనీ, దాన్ని కాపాడిన కులపు ఆడవాళ్ళు వెనకబడిపోయారనీ విమర్శ ఉంది. మహానర్తకి బాలసరస్వతి గారే ఆ విషయంలో ఆమెతో విభేదించారు. ఆ విమర్శలో బలముంది. పోతున్నదాన్ని తెచ్చి ఇల్లు చూపించడం మంచిదే, కానీ దాని పాత ఇల్లు ఏమైందని కూడా అడగాలి. ఈ ప్రశ్న నాట్యానికే కాదు, కుక్కకు కూడా వర్తిస్తుందని నాకు తర్వాత తెలిసింది.

1945లో అరండేల్ గారు మరణించారు. ఏడేళ్ళ తర్వాత, 1952లో, రాజ్యసభ ఏర్పడినప్పుడు రాష్ట్రపతి నామినేట్ చేసిన మొట్టమొదటి పన్నెండుమందిలో రుక్మిణీదేవి ఒకరు. సైన్సు విద్యార్థులకు ఆ జాబితాలో ఇంకొక పేరు ఆనందం కలిగిస్తుంది - భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్. రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న మన నెల్లూరు సీమ మనిషి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు కూడా అందులో ఉన్నారు. అంతటివాళ్ళ మధ్య ఒక నర్తకి ఏం మాట్లాడుతుంది? సంగీతం గురించో నాట్యం గురించో మాట్లాడుతుందని అందరూ అనుకుని ఉంటారు. ఆమె మాట్లాడింది పశువుల గురించి.

అప్పటికి దేశంలో ఉన్నది 1890 నాటి ఇంగ్లీషువాళ్ళ చట్టం. అది చాలదని ఆమె 1953లో సొంతంగా ఒక బిల్లు ప్రవేశపెట్టారు. బండి లాగే ఎద్దు, పంజరంలో కోతి, ప్రయోగశాలలో జంతువు, వీధిలో కుక్క - అన్నిటి తరఫునా ఆ సభలో ఆమె నిలబడ్డారు. 1954లో ప్రధాని నెహ్రూ గారు లేచి, ఆమె భావంతో తాను ఏకీభవిస్తున్నాననీ, ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందనీ, బిల్లును ఉపసంహరించుకోమనీ కోరారు. ఆమె ఉపసంహరించుకున్నారు.

ఇది చదివినప్పుడు మొదట నాకు కష్టంగా తోచింది. ప్రభుత్వం మాట ఇచ్చిందని బిల్లు వెనక్కు తీసుకుంటే ఇక దాని గతి ఏమిటి? మన దగ్గర ఇచ్చిన మాటలు ఎన్ని గాలిలో కలిసిపోలేదు! కానీ ఆమె ఊరుకోలేదు. కమిటీ వేయించారు, నివేదిక వచ్చేదాకా వెంటపడ్డారు. 1956లో రాజ్యసభకు మళ్ళీ నామినేట్ అయ్యారు, పద్మభూషణ్ కూడా ఆ సంవత్సరమే వచ్చింది. చివరకు 1960 డిసెంబరులో జంతుహింస నివారణ చట్టం పుట్టింది. బిల్లు పెట్టిన నాటి నుంచి లెక్కవేస్తే ఏడేళ్ళు.

ఆ చట్టాన్ని నేను లైబ్రరీలో కూర్చొని మొత్తం చదివాను. మూడు సంగతులు మనవి చేస్తాను. ఒకటి, జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్ళే దాని మంచిచెడ్డలు చూడాలని మూడో సెక్షను చెబుతుంది. యజమాని అయివుండనక్కరలేదు, నాలుగు రోజులు కాపాడినా ఆ నాలుగు రోజులు బాధ్యతే. రెండు, ఆకలితోనో దప్పికతోనో బాధపడే పరిస్థితిలో జంతువును సరైన కారణం లేకుండా వదిలిపెట్టిపోవడం పదకొండో సెక్షను ప్రకారం నేరం. మూడు, ఈ చట్టం కింద ఏర్పడే జంతు సంక్షేమ బోర్డు చేయవలసిన పనుల్లో ఒకటి, ముసలివై పనికిరాకుండా పోయిన జీవాలకు ఆశ్రయాలు ఏర్పడేట్టు డబ్బు సాయం చేయడం. పనికిరాని ముసలితనం అనేది ఒక దేశపు చట్టంలో జాగా సంపాదించుకోవడం చిన్న విషయం కాదు.

ఆ చట్టంలో లోపాలు లేకపోలేదు. మొదటి తప్పుకు జరిమానా యాభై రూపాయలు మించదు. యాభై రూపాయలకు ఈ రోజు కుక్కకు రెండు పూటల తిండి రాదు. జంతువుల మీద ప్రయోగాలను ఆమె వ్యతిరేకించారు గానీ చట్టం వాటిని నిషేధించలేదు, అదుపులో పెట్టమన్నది. అన్నిటికంటే పెద్ద లోపం, వీధికుక్కలను ప్రత్యేకమైన గదుల్లో పెట్టి చంపడాన్ని అదే పదకొండో సెక్షను హింస కాదని మినహాయించింది. అంటే ఇంటి కుక్కను వీధిలో వదిలితే నేరం. వదిలిన ఆ కుక్క వీధికుక్కగా మారితే మున్సిపాలిటీ చంపవచ్చు. ఇట్లాంటి చట్టాన్ని ఆమె ఎందుకు ఒప్పుకున్నారు? ఏమీ లేని చోట ఏదో ఒకటి ఉంటే రేపు దాన్ని పెంచుకోవచ్చుననే ఆలోచన తప్ప ఇంకొకటి ఉండదు. విత్తనం సన్నదని రైతు విత్తడం మానడు.

ఇక ఆ ముసలి కుక్క సంగతి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల్లో తిరిగినవాళ్ళకు తెలుసు, అక్కడ ప్రతి గేటు దగ్గరా ఒక కుక్క ఉంటుంది. వాచ్‌మన్ దాన్ని సాదుతాడు, అది గేటును కాస్తుంది. షెడ్డు మూతపడితే మిషన్లు అమ్ముడుపోతాయి, రేకులు అమ్ముడుపోతాయి, వాచ్‌మన్ ఒడిశానో బీహారో తన ఊరికి పోతాడు. కుక్క గేటు దగ్గరే ఉంటుంది. మా మేనమామ ఆ రోడ్డు మీద డీసీఎం నడుపుతాడు. అట్లా మూతపడ్డ ఒక గేటు ముందు ఒక ముసలి కుక్క నెలరోజులుగా కూచున్నదని, రోజురోజుకూ ఎండిపోతున్నదని రెండేళ్ళ కింద ఆయన నాకు చెప్పాడు. ఖాళీ బండిలో ఎక్కించి సంగారెడ్డి దగ్గరి మా ఊరికి తెచ్చాము.

పశువుల దవాఖానలో డాక్టరు గారు పళ్ళు చూసి, పదేళ్ళు దాటి ఉంటుందన్నారు. ఎడమ కంట్లో శుక్లం, వెనక కాళ్ళ కీళ్ళు బిగుసుకున్నాయి, ఒంటినిండా పిడుదులు. రేబిస్ టీకా వేశారు, నులిపురుగుల మందు ఇచ్చారు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఉందేమోనని రక్తం పరీక్ష రాశారు. రెండు వారాలు మా ఇంటి కుక్కకు దూరంగా కొట్టంలో ఉంచమన్నారు. పళ్ళు అరిగిపోయినందున మా అవ్వ జొన్న గట్కను సల్లలో మెత్తగా కలిపి పెట్టేది. అవ్వ దాన్ని ముసలోడు అని పిలిచేది. అదే దాని పేరయింది. రెండు వారాల తర్వాత ఇంటి కుక్కను, దీన్ని ఎదురెదురుగా నిలబెట్టకుండా, గట్టు మీద పక్కపక్కన నడిపించుకుంటూ తీసుకుపోయాను. మూడో రోజుకు రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవడం మానేశాయి. కుక్కల లోకంలో అది రాజీ.

మా నాయినకు ఇది నచ్చలేదు. ఆయన అడిగిన మాటకు జవాబు చెప్పడం కష్టం. అరక దున్నలేని ఎద్దును మేము సంతకు తోలుతాం. పదేళ్ళు మాకు తిండిపెట్టిన ఎద్దును. గడ్డి కొని దాన్ని మేపే తాహతు మాకు లేదు. అట్లాంటి ఇంట్లో ఎవరిదో పనికిరాని కుక్కను కూచోబెట్టి గట్క పెట్టడం ఏ న్యాయమని ఆయన అడిగారు. రుక్మిణీదేవి గారి చట్టంలో దీనికి సగం జవాబే ఉంది. రైతు ఒక్కడి మీద భారం వేయకుండా ఆశ్రయాలు పెట్టించాలని, వాటికి సాయం చేయాలని అందులో ఉంది. కానీ ఆ ఆశ్రయాలు మా ఊరి దాకా రాలేదు. చట్టం రాసినవాళ్ళకు దయ ఉన్నా గడ్డి ధర తెలియదని నాయిన అంటే నేను కాదనలేను. అయితే కుక్క ఎద్దంత తినదు. ఒక కుక్కకు ఒక ఇల్లు దొరకడం కష్టమేమీ కాదు, వెతికేవాడు ఉండాలి. అందుకని దాన్ని మా దగ్గరే ఉంచుకుంటానని కాక, ఇల్లు దొరికేదాకా ఉంచుకుంటానని నాయినను ఒప్పించాను.

మొదట సంగారెడ్డిలో ఒక కుటుంబం తీసుకుపోయింది. కన్ను కనబడదని, మందులు వాడాలని అన్నీ ముందే చెప్పాను. వాళ్ళకు కాపలా కావాలి. ఇది పగలంతా పడుకుంటుంది, రాత్రి మొరగదు. తొమ్మిదో రోజు తెచ్చి దింపిపోయారు. రోడ్డు మీద వదిలేయకుండా తెచ్చి ఇచ్చినందుకు వాళ్ళకు దండం పెట్టాను. కుదరకపోతే నాకే తిరిగి ఇవ్వాలని ముందే మాట తీసుకున్నాను కాబట్టి అది జరిగింది. నాలుగు నెలల తర్వాత, ఒంటరిగా ఉండే రిటైర్డు టీచరమ్మ ఒకావిడ అడిగారు. ఆవిడ లెక్క వేరు. పిల్లకుక్కను తెస్తే పన్నెండు పదిహేనేళ్ళు బతుకుతుంది, తన తర్వాత దాన్ని ఎవరు చూస్తారు? ముసలి కుక్క అయితే ఇద్దరికీ సరిపోతుంది. నేను ఇన్ని పుస్తకాలు తిరగేసినా ఈ మాట నాకు తట్టలేదు. ఆవిడ ఇంట్లో కుర్చీ బల్ల జరపకుండా ఉంచారు, చూపు తగ్గిన కుక్క దారి మరచిపోకూడదని. ముసలోడు అక్కడ పద్నాలుగు నెలలు బతికింది. పోయిన చలికాలంలో నిద్రలోనే పోయింది. పద్నాలుగు నెలలేనా అని మిత్రులు కొందరు అన్నారు. పదేళ్ళ జీవికి పద్నాలుగు నెలలు చిన్న కాలం కాదు.

మళ్ళీ చరిత్రకు వద్దాం. 1962లో మద్రాసు కేంద్రంగా భారత జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. రుక్మిణీదేవి గారే తొలి అధ్యక్షురాలు. కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. చట్టం తెచ్చినవాళ్ళకు సన్మానం చేయించుకొని ఇంట్లో కూచునే వీలుంటుంది. ఆమె రాజ్యసభ పదవి ముగిసిన ఏడాదే, చట్టాన్ని అమలు చేసే చాకిరీని నెత్తికెత్తుకున్నారు. ఒకవైపు రామాయణ నృత్యనాటకాలు కూరుస్తూ, ఇంకొకవైపు బోర్డు పని చూస్తూ ఇరవై మూడేళ్ళకు పైగా గడిపారు.

1977లో ఒక విచిత్రం జరిగింది. రాష్ట్రపతి పదవికి ఆమె పేరు ప్రతిపాదిస్తానని ప్రధాని మొరార్జీ దేశాయి గారు అడిగారు. ఆమె వద్దన్నారు. ఆ సంవత్సరం ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయినవారు మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి గారు. ఆమె ఒప్పుకొని ఉంటే ఈ దేశానికి తొలి మహిళా రాష్ట్రపతి ముప్పై ఏళ్ళ ముందే, 2007 దాకా ఆగకుండా, వచ్చి ఉండేవారు. ఎందుకు వద్దన్నారో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పవచ్చు. నాకు తోచింది ఇది: ఆమెకు కళాక్షేత్రంలో పిల్లలున్నారు, బోర్డులో పని ఉంది. ఆ రెండూ రాష్ట్రపతి భవన్ నుంచి చేసే పనులు కావు.

1986 ఫిబ్రవరి 24న మద్రాసులో ఆమె పరమపదించారు. 1993లో పార్లమెంటు కళాక్షేత్రాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తిస్తూ చట్టం చేసింది.

ఆమె నాటిన విత్తనం ఆమె పోయాక కూడా పెరిగింది. కుక్కలను చంపితే వీధులు ఖాళీ కావు, ఖాళీ అయిన జాగాలోకి పక్క వీధి కుక్కలు వస్తాయి, మిగిలినవి మళ్ళీ ఈనుతాయి అని మద్రాసులో బ్లూ క్రాస్ వారు 1964 నుంచి చెబుతూ వచ్చారు. దానికి బదులు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్నారు. నగరపాలక సంస్థ 1996లో గానీ చంపడం మాని ఆ దారికి రాలేదు. 2001లో ఇదే పద్ధతి దేశమంతటికీ నియమాలుగా వచ్చింది. 2023లో వాటి చోట కొత్త నియమాలు వచ్చాయి. ఇవన్నీ 1960 చట్టం కిందనే పుట్టాయి. ఆమె రోజుల్లో చంపవచ్చునని మినహాయించిన చట్టమే, తర్వాత చంపకుండా ఉండే దారికి ఆధారమైంది. చెవి కొన కత్తిరించిన కుక్క కనబడితే, దానికి ఆపరేషను అయిందని గుర్తు. 2014లో ఎద్దుల ఆటల మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు కోర్టుకు వెళ్ళిందీ ఆమె నిలబెట్టిన బోర్డే. ఇక మన హైదరాబాదులో 1992లో బ్లూ క్రాస్ ప్రారంభించిన అక్కినేని అమల గారు కళాక్షేత్రంలో నాట్యం నేర్చుకున్నవారే. అడయారులో వేసిన చెట్టు నీడ జూబ్లీహిల్స్ దాకా వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

ఇంత చెప్పి, రెండో వైపు చూడకపోతే సైన్సు విద్యార్థిగా నాకు న్యాయం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి జీవకారుణ్యం గురించి ఉపన్యసించే ధైర్యం ఎవరికీ ఉండదు, ఉండకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తర్వాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కుక్కలను ప్రేమించేవాళ్ళు ఈ భయాన్ని ఎగతాళి చేయరాదు. కానీ వీధిలో కుక్కలు ఎక్కువ కావడానికి కారణాల్లో ఒకటి, ఇంట్లో పెంచినవాటిని, వాటి పిల్లలను మనం వీధిలోకి తోలడం. వదలడం నేరమని చెప్పిన సెక్షను కుక్క కోసమే కాదు, వీధిలో ఆడుకునే పిల్లవాడి కోసం కూడా. దయ, జాగ్రత్త ఒకదానికొకటి శత్రువులు కావు. రేబిస్ టీకాను పాశ్చర్ మహాశయుడు 1885 జూలై 6న మొదటిసారి ఒక పిల్లవాడికి వేశారు. ఆ రోజును గుర్తు చేసుకుంటూ మన పశువుల దవాఖానల్లో ఏటా జూలై 6న కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తున్నారు. పిల్లవాడిని కాపాడిన సైన్సే కుక్కను కూడా కాపాడుతున్నది.

పెద్దవాళ్ళు ధర్మరాజు కథ చెబుతారు. వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడట. ఆ కథలో కుక్క చివరికి యమధర్మరాజుగా మారుతుంది, పరీక్ష నెగ్గినందుకు స్వర్గం దొరుకుతుంది. మన వాకిట్లో కుక్క చివరిదాకా కుక్కగానే ఉంటుంది. కన్ను పోతుంది, కాలు లేవదు, ఒక రోజు పోతుంది. ఎవరూ ప్రత్యక్షమై మెచ్చుకోరు. అప్పుడు కూడా చూసుకోవడమే అసలు పరీక్ష. రుక్మిణీదేవి గారు ఈ పరీక్షను ధర్మరాజుల కోసం వదిలేయకుండా మామూలు మనుషుల విధిగా రాయించారు.

చివరగా మన కాలేజీ మిత్రులకు ఒక మనవి. ప్రతి హాస్టలు దగ్గరా మనం ఏటా కుక్కపిల్లలను ముద్దు చేస్తాం. పేర్లు పెడతాం, మెస్సులో మిగిలింది పెడతాం. పరీక్షలు కాగానే పెట్టె సర్దుకొని బస్సెక్కుతాం. మెస్సు మూతపడుతుంది. అవి గేటు దగ్గర కూచుంటాయి. మూడేళ్ళకు మనం డిగ్రీ పుచ్చుకొని పోతాం, అవి అక్కడే ముసలివవుతాయి. కాబట్టి ముద్దు చేసేవాళ్ళు ముందుగా టీకా వేయించండి, ఆపరేషను చేయించండి, సెలవుల్లో ఎవరు తిండి పెడతారో రాసి పెట్టుకోండి. ఎవరైనా ఒక కుక్కను ఇంటికి తీసుకుపోదలిస్తే, పిల్లనే కాక ముసలిదాన్ని కూడా ఒకసారి చూడండి. అది చెప్పులు కొరకదు, దాని గుణం ఏమిటో ముందే తెలిసిపోతుంది, మీ అమ్మానాన్నలకు తోడుగా ఇంటి పట్టున ఉంటుంది. తీసుకోలేనివాళ్ళు ఇల్లు దొరికేదాకా నాలుగు నెలలు చోటు ఇవ్వండి. కొత్త ఇంటివాళ్ళకు దాని రోగాలు దాచకండి, కుదరకపోతే తిరిగి తెచ్చి ఇవ్వమని మాట తీసుకోండి. పాత ఇంటిని తలచుకొని అది కొన్నాళ్ళు గుమ్మం వైపే చూస్తుంది. తొందరపడకండి.

ఏడేళ్ళు పట్టిన చట్టం ఆమెది. మనల్ని అడుగుతున్నది నాలుగు నెలలు.